పియానో ముందు ఒక్కడు, వెనక అరవైమంది

మొన్న వినాయక చవితికి మా డాలీగంజ్‌లో ఆర్కెస్ట్రా పెట్టారు. తెలుగువాళ్ళకి ఆర్కెస్ట్రా అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఇద్దరు గాయకులు, ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, చెవులు చిల్లులుపడే స్పీకర్లు. బంగాళాఖాతం దాటి వచ్చినా శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల అలవాట్లు మా వాళ్ళతోబాటే ఓడెక్కి వచ్చాయి.

కీబోర్డు కుర్రాడు నిజంగానే బాగా వాయించాడు. వేణువు, వయొలిన్లు, వీణ, అన్నీ ఆ ఒక్క పెట్టెలోంచే పలికించాడు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి పరవశించిపోయి, "ఇది నేర్చుకుంటే వచ్చేది కాదండీ, పూర్వజన్మ సుకృతం" అన్నాడు.

అదే పందిట్లో మా వీధిలో ఉండే ఒకావిడ కనిపించింది. ఆవిడ కూతురికి పదకొండేళ్ళు. ఏడాదిగా కీబోర్డు నేర్చుకుంటోంది. "పాప క్లాసుకి వెళుతోందా అమ్మా?" అని అడిగాను. "మానిపించేశామండీ మాస్టారూ. జాతకం చూపిస్తే సంగీతయోగం లేదన్నారు. లేనిదానికి డబ్బు దండగ కదా" అంది. పాప పక్కనే నిలబడి వేదిక మీది కీబోర్డు కుర్రాడి వేళ్ళకేసి చూస్తోంది.

ఆ రెండు మాటలూ వేరువేరుగా వినిపిస్తాయి కాని, నిజానికి రెండూ ఒకటే. ఒకరికి వరం ఉందనడం, మరొకరికి లేదనడం. మొదటి మాట పొగడ్తలా ఉంటుంది కనక ఎవరూ అభ్యంతరం చెప్పరు. కాని రెండో మాట పుట్టేది మొదటి దానిలోంచే. వేదిక మీద ఉన్నవాడు పూర్వజన్మ పుణ్యం వల్ల వాయిస్తున్నాడని నమ్మినవాళ్ళు, తమ పిల్లకి ఆ పుణ్యం ఉందో లేదో జ్యోతిష్కుణ్ణి అడగడంలో ఆశ్చర్యం ఏముంది?

ఈ "వరం" సంగతి మాట్లాడుకోవడానికి పాశ్చాత్య సంగీతంలోని పియానో కన్చెర్టో కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. హేతువాదికి పియానోతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. కాస్త ఓపిక పడితే పని ఉందని ఒప్పుకుంటారు.

కన్చెర్టో అంటే ఒక వాద్యానికీ, మొత్తం వాద్యబృందానికీ కలిపి రాసిన రచన. సాధారణంగా మూడు భాగాలుంటాయి. ముందు ఒక్కడు పియానో దగ్గర కూర్చుంటాడు. వెనక నలభై, అరవై, కొన్నిసార్లు ఎనభైమంది వాయిస్తూంటారు. చప్పట్లన్నీ ముందున్నవాడికే. అందరూ ఆపేసి అతను ఒక్కడే విజృంభించే ఘట్టం ఒకటి ఉంటుంది. దాన్ని కదెంజా అంటారు. మన కచేరీలో దీనికి దగ్గరగా ఉండేది తని ఆవర్తనం. అయితే ఒక తమాషా తేడా ఉంది. అక్కడ బృందం ఆగిపోయి నాయకుణ్ణి ఒంటరిగా వాయించనిస్తుంది. మన దగ్గర గాయకుడు ఆగిపోయి, పక్కనున్న మృదంగం, ఘటం వాళ్ళకి చోటిస్తాడు. ఎవరికి ఎప్పుడు చోటివ్వాలనేది ఎవరో పైనుంచి రాసి పంపలేదని దీన్నిబట్టే తెలుస్తుంది. మనుషులు ఏర్పాటు చేసుకున్నారు, కాలాన్నిబట్టి మార్చుకున్నారు.

ఆ మార్పుల చరిత్రే ఇక్కడ ముఖ్యం.

పియానోకి ముందు హార్ప్సికార్డ్ అనే వాద్యం ఉండేది. బృందంలో దాని పని ముఖ్యంగా సహకారం. వెనక కూర్చుని స్వరాల దన్ను ఇవ్వడమే. 1721లో బాఖ్ ఒక ప్రభువుకి అంకితమిచ్చిన ఆరు బ్రాండెన్‌బర్గ్ కన్చెర్టోల్లో అయిదోదానిలో ఒక వింత జరుగుతుంది. వేణువు, వయొలిన్లతో మర్యాదగా మొదలైన హార్ప్సికార్డ్ మొదటి భాగం చివరికి వచ్చేసరికి అందరినీ ఆపించి 65 గతుల పాటు తానొక్కటే వాయిస్తుంది. వెనక కూర్చున్నవాడు ముందుకొచ్చాడన్నమాట.

మనకీ అలాంటి ఉదాహరణ ఉంది. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్ సుమారు 200 ఏళ్ళ కిందట యూరప్‌వాళ్ళ దగ్గరనుంచి వచ్చింది. దాని పని గాయకుణ్ణి నీడలా అనుసరించడం. ఆ వాద్యాన్ని వేదిక మధ్యకి తెచ్చి సోలో కచేరీలు చేసినవారిలో ముఖ్యుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893-1964). విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో 1919 నుంచి పాఠాలు చెప్పారు, 1936లో ప్రిన్సిపాల్ అయారు. చూపు సరిగా లేని మనిషి. ఆయన్ని కూడా మనవాళ్ళు సరస్వతీ పుత్రుడనే అంటారు. కాని ఆయన వెనక ఒక కళాశాల ఉంది, దాన్ని పోషించిన సంస్థానం ఉంది, అన్నిటికీ మించి ఆయన కమాను పట్టుకున్న వేల గంటలు ఉన్నాయి. వాటినెవరూ పూజించరు.

మళ్ళీ పియానో దగ్గరికి వద్దాం. మోట్సార్ట్ 1784లో ఒక్క ఏడాదిలోనే ఆరు పియానో కన్చెర్టోలు రాశాడు. దేవుడు చెవిలో చెప్పాడనడం తేలిక. కాని ఆ ఏడాది మార్చిలో అతను తండ్రికి రాసిన ఉత్తరంలో తన కచేరీలకి ముందుగా డబ్బు కట్టిన 174 మంది చందాదారుల పేర్ల జాబితా పంపాడు. వియన్నాలో శ్రోతలున్నారు, డబ్బుంది, వాయించగలిగిన బృందం ఉంది. కనక రాశాడు. ఏళ్ళు గడిచి చందాదారులు తగ్గాక కన్చెర్టోలూ తగ్గాయి!

అతని కన్చెర్టోల్లో గొప్పతనం ఎక్కడుందంటే పియానో, బృందం మాట్లాడుకుంటాయి. ముఖ్యంగా ఊదే వాద్యాలు పియానోకి జవాబు చెప్పే తీరు వింటే ఇంట్లో నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నట్టుంటుంది. అతను వాడిన పియానోకి 61 మెట్లే ఉండేవి. చట్రం చెక్కది, శబ్దం చిన్నది. గట్టిగా అరవలేదు కనక మాట్లాడక తప్పలేదని కూడా అనుకోవచ్చు. అన్నట్టు, మా వీధి పాప దగ్గరున్న మామూలు కీబోర్డుకి కూడా 61 మెట్లే.

బీథోవెన్ నాలుగో కన్చెర్టో రెండో భాగంలో తీగ వాద్యాలన్నీ ఒక్క గొంతుతో కఠినంగా గద్దిస్తాయి. పియానో మెల్లిగా, బతిమాలుతున్నట్టుగా జవాబిస్తుంది. క్రమంగా బృందం మెత్తబడుతుంది. ఒక్కడు అందరినీ గెలవడానికి గొంతు పెంచనక్కరలేదని ఇంత బాగా చెప్పిన సంగీతం మరొకటి లేదు. దీన్ని 1808 డిసెంబర్ 22న వియన్నాలో బీథోవెన్ స్వయంగా వాయించాడు. చలికి వణుకుతూ జనం నాలుగు గంటలు కూర్చున్నారు. రిహార్సల్స్ చాలలేదు. ఆ రాత్రి చివరి అంశంలో బృందం తప్పిపోతే మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. బీథోవెన్ అంతటివాడు ముందున్నా వెనకవాళ్ళకి సాధన లేకపోతే కచేరీ నడవదు.

ఇక్కడినుంచి తూకం ఒకవైపుకి ఒరిగింది. 19వ శతాబ్దం మొదట్లో ఊరూరా తిరిగి వాయించే పియానో వీరులు బయలుదేరారు. ప్రతి ఊళ్ళోనూ మంచి బృందం దొరకదు. దొరికినా రిహార్సల్‌కి టైముండదు. అందుచేత బృందం లేకపోయినా ఫరవాలేనట్టుగా కన్చెర్టోలు తయారయాయి. నలుగురైదుగురు తీగ వాద్యాలవాళ్ళతోనో, అసలెవరూ లేకుండానో కూడా వాయించేసేవారు. 1830లో షోపాన్ వార్సాలో వాయించిన రెండు కన్చెర్టోల్లోనూ పియానో భాగం అద్భుతం, బృందం మాత్రం చాలాచోట్ల వెనక తెర పట్టుకుని నిలబడ్డట్టుంటుంది. ఇది షోపాన్ చేతకానితనం అని విమర్శకులు చాలాకాలం అన్నారు. రవాణా, ఖర్చు, అలవాటు కూడా అందులో ఉన్నాయని నాకనిపిస్తుంది.

ఇదే సమయంలో వాద్యం కూడా మారింది. 1821లో ఎరార్ కంపెనీ ఒకే స్వరాన్ని వేగంగా మళ్ళీ మళ్ళీ మోగించగలిగే యంత్రాంగానికి పేటెంట్ తీసుకుంది. 1825లో బోస్టన్‌లో బాబ్‌కాక్ అనే ఆయన ఒకే ముక్కగా పోతపోసిన ఇనప చట్రానికి పేటెంట్ పొందాడు. చెక్క తట్టుకోలేని బిగువుని ఇనుము తట్టుకుంటుంది. ఈనాటి పెద్ద పియానోలో తీగల మొత్తం లాగుడు సుమారు 20 టన్నులుంటుంది. అంత బిగువు ఉంటేనే ఒక మనిషి చేతులు ఎనభైమంది శబ్దాన్ని చీల్చుకుని హాలు చివరివరకూ వినిపిస్తాయి. "ఆ వేళ్ళలో దైవశక్తి ఉంది" అనేవాళ్ళు ఒకసారి పియానో మూత ఎత్తి లోపలికి చూస్తే మంచిది. శక్తి చాలావరకూ పోత ఇనుములో ఉంది.

ఆ కాలంలో "వరం" కబుర్లు కూడా తారస్థాయికి చేరాయి. పగనీని వయొలిన్ వాయిస్తూంటే అతను దయ్యానికి ఆత్మని అమ్ముకున్నాడని జనం చెప్పుకునేవారు. మనం దేవుడంటే వాళ్ళు దయ్యం అన్నారు, తర్కం ఒకటే. 1840లో అతను చనిపోతే చర్చి పవిత్ర భూమిలో సమాధికి ఒప్పుకోలేదు. శవాన్ని ఒకచోటినుంచి మరొకచోటికి మారుస్తూ పోయారు. చివరికి 1876లో పార్మా స్మశానంలో చోటు దొరికింది. బాగా వాయించినందుకు 36 ఏళ్ళ శిక్ష అన్నమాట.

అదే పగనీని కచేరీని 1832లో పారిస్‌లో ఇరవయ్యేళ్ళ ఫ్రాంజ్ లిస్ట్ విన్నాడు. అతను ఏం చేశాడు? తాయెత్తు కట్టించుకోలేదు. ఇంటికి వెళ్ళి రోజుకి నాలుగైదు గంటలు వేళ్ళ కసరత్తులు మొదలుపెట్టాడు. జంట స్వరాలు, ఆక్టేవ్‌లు, ఒకే స్వరాన్ని మళ్ళీ మళ్ళీ మోగించడాలు. ఆ జాబితాని అతనే ఒక మిత్రుడికి ఉత్తరంలో రాశాడు. హాలంతా దయ్యాన్ని చూస్తే అతను పాఠాన్ని చూశాడు. హేతువాదం అంటే ఇంతకన్నా ఏముంది?

ఆ లిస్ట్ కూడా తరవాత జనం దృష్టిలో దేవుడయిపోయాడు. 1839లో బృందం, సహగాయకులు ఎవరూ లేకుండా తానొక్కడే కచేరీ చేసి, కచేరీ అంటే నేనే అని ఫ్రెంచి రాజు ధోరణిలో హాస్యమాడాడు. అతని కోసం జనం వెర్రెత్తిపోవడాన్ని హైనే అనే కవి 1844లో ఒక జబ్బులా వర్ణించి, దానికి "లిస్టోమేనియా" అని పేరుపెట్టాడు. తన విజయాలను ఏర్పాటు చేసుకోవడంలో లిస్ట్ అంత దిట్ట లేడని చురక కూడా వేశాడు. మన బాబాల సభలు చూసినవాళ్ళకి హైనే మాటలు కొత్తగా అనిపించవు.

కాని లిస్ట్ బాబాలా ఉండిపోలేదు. 1847లో ఊళ్ళు తిరగడం మానేసి వైమార్‌లో బృందాన్ని నడిపే ఉద్యోగంలో స్థిరపడ్డాడు. ఏళ్ళ తరబడి దిద్దిన మొదటి కన్చెర్టోని 1855లో అక్కడ వాయించాడు. బెర్లియోజ్ అంతటివాడు బృందాన్ని నడిపాడు. అందులో పియానో ఎంత చెలరేగినా బృందంలోని ఒక్కొక్క వాద్యం ముందుకొచ్చి దానితో కలిసి పలుకుతుంది. చివరికి ట్రయాంగిల్‌కి కూడా పాత్ర ఇచ్చాడని విమర్శకుడు హాన్స్‌లిక్ వెక్కిరించాడు. ట్రయాంగిల్ అంటే చిన్న ఇనప కడ్డీ, మన తాళాలకి చుట్టం. నాకైతే ఆ వెక్కిరింతే లిస్ట్‌కి దక్కిన పెద్ద మెప్పు అనిపిస్తుంది. కచేరీ అంటే నేనే అన్నవాడు ట్రయాంగిల్ వాయించేవాడికి జాగా ఇచ్చే స్థితికి వచ్చాడు. రోజూ బృందంతో పనిచేస్తే కలిగే జ్ఞానం అది.

తూకాన్ని రెండోవైపుకి గట్టిగా లాగినవాడు బ్రామ్స్. 1859లో పాతికేళ్ళ బ్రామ్స్ తన మొదటి కన్చెర్టోని లైప్‌జిగ్‌లో వాయిస్తే జనం బుస్సుమన్నారు. బృందం సుమారు నాలుగు నిమిషాలు ఉరిమాక పియానో ఏ ఆర్భాటమూ లేకుండా మెల్లిగా ప్రవేశిస్తుంది. గారడీ చూద్దామని టికెట్టు కొన్నవాళ్ళకి కోపం రాదా మరి! ఈరోజు అదే రచన ప్రపంచమంతటా మోగుతోంది. 1881లో వచ్చిన రెండో కన్చెర్టోలో మూడో భాగాన్ని పియానో మొదలే పెట్టదు. బృందంలోని చెల్లో అతను పాడినట్టుగా వాయిస్తూంటే కోట్ల చప్పట్ల నాయకుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటాడు.

చెల్లోకి అలా చోటిచ్చిన మరొకరు అంతకు చాలా ముందే ఉన్నారు. క్లారా వీక్, తరవాత క్లారా షూమన్. 1835లో పదహారేళ్ళ వయసులో తన సొంత కన్చెర్టోని మెండెల్సన్ నడిపిన బృందంతో వాయించింది. మధ్య భాగంలో బృందమంతా ఊరుకుంటే పియానో, ఒక్క చెల్లో మాత్రమే మాట్లాడుకుంటాయి. ఆ అమ్మాయికి చిన్నప్పటినుంచీ తండ్రే రోజూ పాఠం చెప్పాడు. ఆయన వృత్తి పియానో టీచరు. ఇంట్లో పియానో, టీచరు, సంగీతకారుల రాకపోకలు. ఇవి ఉన్న ఆడపిల్ల కన్చెర్టో రాసింది. లేని ఎంతమందో రాయలేదు. వాళ్ళ జాతకాలు చెడ్డవా?

రఖ్మానినొఫ్ 1901లో పూర్తిగా వినిపించిన రెండో కన్చెర్టో అందరికీ ఇష్టమైనది. పియానో గంటలు మోగినట్టుగా మొదలవుతుంది. తరవాత అసలు పాట ఎవరికి దక్కుతుంది? బృందానికి! కుండపోతగా స్వరాలు వాయిస్తూన్న పియానో అప్పుడు చేస్తున్నది సహకారం మాత్రమే. అంత కష్టపడి, అందరికన్నా ఎక్కువ స్వరాలు వాయిస్తూ, పాటని వెనకవాళ్ళకి వదిలెయ్యడం. నాకు తెలిసి వీరవాద్యానికి ఇంతకన్నా పెద్దమనిషి తరహా మరొకటి లేదు.

ఈ తగువు ఇంకా తీరలేదు. 1962 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో గ్లెన్ గూల్డ్ ఆ బ్రామ్స్ మొదటి కన్చెర్టోనే బాగా నిదానంగా వాయిస్తానని పట్టుబట్టాడు. నాయకుడు లెనార్డ్ బెర్న్‌స్టైన్ ముందుగా జనం ముందుకొచ్చి, ఇది నాకు సమ్మతం కాదు, అయినా సహకరిస్తున్నానని చెప్పి, అసలు కన్చెర్టోలో యజమాని ఎవరు అని నవ్వుతూ ప్రశ్నించాడు. ఒక్కోసారి ఒకరు, ఒక్కోసారి మరొకరు అని తనే జవాబు చెప్పుకున్నాడు. విభేదాన్ని బయటపెట్టి కలిసి పనిచెయ్యడం ఎంత ఆరోగ్యకరమో గమనించండి.

సాధన ఉంటే ఎవరైనా లిస్ట్ అవుతారా అని కొందరు అడుగుతారు. అలా అనడానికి నేను సిద్ధంగా లేను. 1993లో ఎరిక్సన్, సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థులను పరిశీలించి, ఉత్తములు ఇరవయ్యేళ్ళకల్లా సుమారు 10,000 గంటల సాధన చేశారని లెక్క తేల్చారు. దాన్ని కొందరు మంత్రంలా జపించారు. 2014లో మెక్‌నమారా బృందం చాలా అధ్యయనాలను కలిపి చూస్తే, సంగీతంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సాధన వివరించగలిగినది 21 శాతమే అని తేలింది. మిగతాదానిలో జన్యువులుంటాయి, మొదలుపెట్టిన వయసుంటుంది, టీచరుంటాడు, ఇంటి పరిస్థితి ఉంటుంది. సాధనే సర్వస్వం అనడం కూడా ఒక మూఢనమ్మకమే. కాని ఒక్క విషయం స్పష్టం. ఆ జాబితాలో గ్రహాలు లేవు, పూర్వజన్మ లేదు. ఏ పిల్లకి ఎంతవరకు వస్తుందో తెలుసుకోవడానికి నేర్పి చూడడం తప్ప వేరే పరీక్షా లేదు.

మనలో మనం ఒప్పుకోవలసినది కూడా ఒకటుంది. మన సభల్లోనూ వక్త ఒక్కడికే దండ పడుతుంది. కుర్చీలు వేసినవాళ్ళు, మైకు తెచ్చినవాళ్ళు, ఇంట్లో వంట చేసి ఆయన్ని పంపించిన ఇల్లాలు నివేదికల్లో ఉండరు. బాబాని గేలిచేసి మనం మరొక వీరుణ్ణి కూర్చోబెడితే లాభమేముంది? మంచి కన్చెర్టో చెప్పేది అదే. ముందుకు రావడం తప్పు కాదు. వెనకవాళ్ళను మాయం చెయ్యడం తప్పు.

మా ద్వీపంలో పియానోని కాపాడడం కష్టం. సముద్రపు గాలికి తీగలు తుప్పు పడతాయి, తేమకి చెక్క ఉబ్బుతుంది. కనక ఇక్కడి పిల్లలకి కీబోర్డే పియానో. పందిట్లో ఆ కుర్రాడితో తరవాత మాట్లాడాను. మేనమామ దగ్గర పదేళ్ళనుంచి నేర్చుకుంటున్నాడట, ఇప్పటికీ రోజూ రాత్రి రెండు గంటలు హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తాడట. పూర్వజన్మ ఊసే ఎత్తలేదు.

ఆ మాటే పాప తల్లికి చెప్పాను. "మళ్ళీ చూస్తామండీ మాస్టారూ" అంది. ఒప్పుకుందో, మర్యాదకి అందో తెలియదు. పాప మాత్రం "ఆ అన్నయ్య రోజుకి రెండు గంటలేనా మాస్టారూ?" అని అడిగింది. ఆ "ఏనా" లోనే నాకు కాస్త ఆశ కనబడింది.